నీళ్ళక్క వెనక గది

ఆ వీధిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నీళ్ళక్కే. ఎవరు ఎదురుపడినా బాగున్నావా అని అడగడానికి ముందు "నీళ్ళు పోశావా" అని అడుగుతుంది. ఇంట్లో బ్యాటరీ ఉన్న ప్రతివాడూ ఆ మాటకు తల దించుకోవలసిందే. పోసినవాడు నూటికి ఒక్కడు ఉంటే గొప్ప. కొని తెచ్చి మెట్ల కింద చీకట్లో పడేస్తారు. దానికీ దాహం వేస్తుందన్న సంగతి మరచిపోతారు. రెండేళ్ళకు అది పడిపోతే అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిడతారు. చెంచాడు నీళ్ళు పోయడానికి లేని తీరిక తిట్టడానికి మాత్రం ఎక్కడినుంచి వస్తుందో.

నీళ్ళక్కకు అరవై దాటాయి. మనిషి పొట్టి, మాట పొడుగు. ముందు వైపు తమ్ముడి దుకాణం. అద్దాల తలుపు, అరల నిండా మూత తెరవడానికి వీల్లేని కొత్త బ్యాటరీలు, నున్నగా, కొత్త బూట్లలా. దాని వెనక సన్నటి నడవా దాటితే నీళ్ళక్క గది. అక్కడ రెండు కిటికీలు. వానైనా ఎండైనా అవి మూయడానికి లేదు. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ వదిలే మండే గాలి గదిలో నిలవకూడదు, అగ్గిపుల్ల ఆ దరిదాపుల్లో గీయకూడదు. మోకాలి ఎత్తువరకు గోడ సున్నం పోయి ఇటుక కనిపిస్తుంది. నేలంతా చిన్న చిన్న గుంటలు. యాసిడ్ చుక్క పడ్డ చోటల్లా నేల తనంతట తానే నోరు తెరిచింది. బల్లల మీద పాత బ్యాటరీలు వరసగా మూతలు తీసుకుని, ఊరంతా మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టు ఉంటాయి. చెవి పెట్టి వింటే చిన్న శబ్దం. దూరంగా ఎక్కడో సన్నటి వాన మొదలైనట్టు ఉంటుంది.

ఆ శబ్దం విందామనే ఆవిడ బడి మానేసింది. తండ్రి లారీ బ్యాటరీలు బాగుచేసేవాడు. మూడో తరగతిలో ఒక రోజు ఆయనకు అన్నం గిన్నె తీసుకువెళ్ళి, గోడకు ఆనుకుని ఆ బుడగలు వింటూ నిద్రపోయింది. లేచేసరికి సాయంత్రం అయింది. మర్నాడూ అక్కడికే వెళ్ళింది. అంకెలు పూర్తిగా వచ్చాయి, అక్షరాలు సగమే వచ్చాయి. మిగతా సగం లేని లోటు ఆవిడకు ఎప్పుడూ కనిపించలేదు. ఏ బ్యాటరీ ఎవరిదో సుద్దముక్కతో బొమ్మ గీసి గుర్తు పెట్టుకుంటుంది. దర్జీదైతే కత్తెర, రొట్టెలవాడిదైతే గుండ్రటి సున్నా. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు "అప్పుడు చార్జింగ్‌లో పెట్టినది ఇంకా దిగలేదు" అనేది. రెండోసారి అడిగినవాళ్ళు లేరు.

పాత బ్యాటరీల్లో సగం చావవని, నిద్రపోతాయని తండ్రి చెప్పిన మాట. వాడకుండా, చార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే లోపలి సీసం ప్లేట్ల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. అది ముదిరితే బ్యాటరీ ఎంత కరెంటు ఇచ్చినా తీసుకోదు. తొందరపడి ఎక్కువ కరెంటు ఎక్కిస్తే ప్లేట్లు వేడెక్కి వంగిపోతాయి. చాలా తక్కువ కరెంటు, చాలా ఎక్కువ ఓపిక. పసిపిల్లకు చెంచాతో పాలు పట్టినట్టు రోజుల తరబడి పట్టాలి. అప్పుడు ఆ పొర కరిగి, వచ్చిన చోటికే, ఆ నీళ్ళలోకే తిరిగి వెళ్ళిపోతుంది. ఆ వేళ నీళ్ళక్క ముఖం చూడాలి. ఎవరో తెలిసినవాళ్ళు దూరదేశం నుంచి వస్తుంటే గుమ్మంలో నిలబడ్డ మనిషిలా ఉంటుంది. లేవని వాటికి మాత్రం ఒక్కటే మాట, "ఇది పోయింది, తీసుకెళ్ళు." ఆ గదినుంచి లేవని బ్యాటరీని లేచిందని చెప్పి పంపిన రోజు ఒక్కటి కూడా లేదు.

ఒక శుక్రవారం పొద్దున తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, బయట గలగలా మాట్లాడి బండరాయికైనా బ్యాటరీ అంటగట్టగలడు, అక్క ఎదుట మాత్రం నోట్లో నాలుక లేనివాడు.

"అక్కా, ఒక మాట."

"ఒకటే అయితే నువ్వు గుమ్మంలో నిలబడవు. లోపలికొచ్చి రెండోది కూడా చెప్పు."

"కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఇకనుంచి ఒక్కసారే వంద పెట్టెలు దించుకోవాలట. పెట్టడానికి చోటు చూపించకపోతే పక్కవీధివాడికి ఇచ్చేస్తాడట."

"చూపించు. నీ బుర్రలో బోలెడు చోటుంది."

తమ్ముడు నవ్వలేదు. గదిని ఒక కొసనుంచి ఇంకో కొసకు చూశాడు. ఆ చూపుతోనే నీళ్ళక్కకు విషయం అర్థమైంది. చేతిలో ఉన్న గుడ్డ మాత్రం ఆగలేదు, వైర్లు తగిలించే బ్యాటరీ కొమ్ముల మీద పచ్చగా పూసిన పొడిని వేడినీళ్ళతో తుడుస్తూనే ఉంది.

"నిన్ను పనిమానెయ్యమని కాదక్కా. ఈ వయసులో ఈ యాసిడ్ కంపు నీకెందుకని. పాతవాటి కాలం అయిపోయింది."

ఆ మాట పూర్తికాకముందే నడవాలో చక్రాల చప్పుడు. పడవాయన నాలుగు బ్యాటరీలు తోపుడుబండి మీద పెట్టుకుని వచ్చాడు. ఊరి చివర సరస్సు మీద చప్పుడు లేని పడవ ఒకటి నడుపుతాడు. అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికీ బడికీ వెళ్ళేవాళ్ళంతా అందులోనే. నాలుగు బ్యాటరీలు ఒకదానికొకటి కలిస్తేనే దాని మోటారు తిరుగుతుంది. అవి పడిపోయి ఇరవై రోజులైంది. అప్పటినుంచి తెడ్డు వేస్తున్నాడు, భుజాలు పడిపోయాయి.

"నీళ్ళు పోశావా?" అంది నీళ్ళక్క.

"పొద్దస్తమానం చెరువు మీదే ఉంటాయి కదక్కా" అన్నాడు పడవాయన అమాయకంగా.

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వూ పొద్దస్తమానం దుకాణాల మధ్యే తిరుగుతావు. కడుపు నిండిందా?"

మూతలు తిప్పి టార్చి వేసి చూసింది. ప్లేట్లు సగం బయటపడి బూడిద చల్లినట్టు ఉన్నాయి. తమ్ముడు కూడా వంగి చూసి పెదవి విరిచాడు. "ఇవి లేవవక్కా. ముగ్గురు చూసి పారేయమన్నారట. కొత్తవి తీసుకోమను."

ముగ్గురు చూసి పారేయమన్నారన్న మాట ఆవిడకు తగలకూడని చోట తగిలింది. గుడ్డ పక్కన పడేసింది.

"నీ పెట్టెల లారీ ఎప్పుడు?"

"పై సోమవారం కాక ఆపై సోమవారం. పది రోజులుంది."

"ఆ రోజుకు ఈ నాలుగూ లేవకపోతే గది నేనే ఊడ్చి ఇస్తాను. లేస్తే మాత్రం గది మాట మళ్ళీ నీ నోట రాకూడదు."

"అక్కా, పందేలెందుకు మనలో మనకు."

"భయమేస్తే చెప్పు."

పడవాయన ఇద్దరి మొహాలూ చూసి, ఇది తన బ్యాటరీల గొడవ కాదని తెలుసుకుని, వాటిని బల్ల మీదికి దించి, మెల్లిగా ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నాలుగింటి మీదా నాలుగు పడవలు గీసింది నీళ్ళక్క. ప్లేట్లు మునిగేవరకు మాత్రమే శుద్ధమైన నీళ్ళు పోసి ఒక రోజంతా ఊరుకుంది. తరువాత సన్నగా చార్జింగ్. పెట్టడం, కారు దీపం తగిలించి ఆ కాస్తా ఖాళీ చేయడం, మళ్ళీ పెట్టడం. గంటగంటకూ గాజు గొట్టం ముంచి చూడటం. ఆ గొట్టానికి పైన రబ్బరు బుడ్డి ఉంటుంది. నొక్కి వదిలితే లోపలి ద్రవం పైకి వస్తుంది, అందులో ఒక చిన్న గాజు తేలుడు. ఎర్ర గీత దగ్గర మునిగితే ఆకలి, తెల్ల గీత దగ్గర సగం కడుపు, పచ్చ గీత దాకా తేలితే నిండింది. నాలుగో రోజున మొదటిది బుడగలు వేసింది. ఆరో రోజున రెండోది, వెనకే మూడోది. కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఆ బుడగలు పైకొచ్చి పగులుతుంటే, గది కొద్దిగా నేలను వదిలి తేలుతున్నట్టు ఉండేది.

నాలుగోది లేవలేదు. ఎనిమిదో రోజుకీ దాని తేలుడు ఎర్ర గీత దగ్గరే.

తమ్ముడు రోజుకు రెండు సార్లు నడవాలోంచి తొంగి చూసేవాడు. పందెం గెలిస్తే గది దొరుకుతుంది. కాని బల్ల పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్న అక్క వీపు అతనికి కనిపించేది. ఆ వీపు చిన్నప్పుడు అతను ఎక్కి ఊరేగినది. దుకాణంలోకి తిరిగి వచ్చి, వచ్చిన బేరగాడితో ఏం మాట్లాడాడో తనకే తెలిసేది కాదు.

శనివారం మధ్యాహ్నం నీళ్ళక్కకు పీట మీదే కళ్ళు మూతపడ్డాయి. కలలో ఆవిడ నీటి అడుగున నడుస్తోంది. అటూ ఇటూ బూడిదరంగు గోడలు, ఎత్తుగా, దగ్గరదగ్గరగా. గోడల మీద తెల్లటి పొర, చేత్తో తాకితే చల్లగా పలుకులు పలుకులుగా. ఏ గోడ వెనక్కి వెళ్ళినా ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. తండ్రి ఉన్నాడేమో అనుకుంది. పిలవబోయింది. ఇంతలో పైనుంచి పుల్లటి, ముక్కులో గుచ్చుకునే వాసన ఒకటి నీళ్ళలోకి దిగింది. ఆ వాసన వచ్చిన వెంటనే గోడ వెనక ఊపిరి ఆగింది. మెలకువ వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. ఎండ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరిగింది, అంతే.

ఆదివారం పొద్దున గాజు గొట్టం ముంచితే నాలుగోదాని తేలుడు పచ్చ గీత మీద నిలబడింది. బ్యాటరీలోని ఆరు అరల్లోనూ అంతే.

ఎవరైనా అయితే గంతులేసేవాళ్ళు. నీళ్ళక్క గొట్టం కడిగి పక్కన పెట్టి, మూతల దగ్గరకు చెవి తెచ్చింది. ఏమీ లేదు. నిండిన బ్యాటరీ ఊరుకోదు, మరుగుతున్న గిన్నెలా గుసగుసలాడుతుంది. ఇది నోరు విప్పలేదు. కారు దీపం తగిలించింది. మిగతా మూడూ అదే దీపాన్ని గంటల తరబడి తెల్లగా మోశాయి. ఇది పట్టుమని పది నిమిషాలు కాకుండానే ఎర్రబారి, నిప్పుకణిక అంతయి, ఆరిపోయింది.

మూలనున్న యాసిడ్ డబ్బా చూసింది. మూతకు తాను చుట్టే ఎర్ర గుడ్డ ఇవాళ అటువైపు తిరిగి చుట్టి ఉంది.

ఎవరు ముట్టారో చెప్పనక్కరలేకుండా మరదలు తమ్ముడి చొక్కా పట్టుకుని వచ్చింది. "చూశావా వదినా, నిన్న వేసుకున్న చొక్కా. ఉతికి దులిపానో లేదో, ఎక్కడికక్కడ ఊడిపోయింది. దీంట్లోంచి పప్పులు జల్లించుకోవచ్చు. ఎక్కడ రాసుకున్నాడో అడిగితే నీళ్ళు నములుతాడు."

జేబు కింద నాలుగు చిల్లులు, పక్కన ఒకటి. యాసిడ్ చిల్లి అంతే, పడినప్పుడు కనిపించదు, ఉతికినప్పుడు బయటపడుతుంది. తమ్ముడు యాసిడ్ ముట్టి పదిహేనేళ్ళు అవుతుంది. ఒకప్పుడు పొడిగా వచ్చే కొత్త బ్యాటరీల్లో యాసిడ్ పోసేవాడు. పోయగానే వాటికి ప్రాణం వచ్చేది. అతనికి తెలిసిన విద్య అంతవరకే. నిద్రపోయిన దానికి కూడా అదే పోశాడు. యాసిడ్ పోస్తే గాజు గొట్టంలో తేలుడు లేస్తుంది. ప్లేట్ల మీద తెల్లపొర ఇంకా గట్టిపడుతుంది. కొత్తవి అమ్మేవాడు మాత్రమే చేయగల తప్పు అది. అక్క గెలవాలని చేశాడు.

"ఎలుక కొరికి ఉంటుంది" అంది నీళ్ళక్క.

"ఎలుకకు ఇంత గుండ్రంగా కొరకడం ఎవరు నేర్పారు?"

"మీ ఆయనకు తెలిసినవాళ్ళలో ఎవరైనా నేర్పి ఉంటారు. వెళ్ళు, నాకు పనుంది."

ఆ రోజంతా నీళ్ళక్క ఏ పనీ చేయలేదు. పీట మీద కూర్చుని నాలుగోదాన్ని చూసింది. తేలుడు పచ్చ గీత మీద ఉంది. పడవాయనకు కనిపించేది అదే. తమ్ముడికీ అదే. రేపు ఇచ్చేస్తే గది తనది. పడవ ఒడ్డు దాటుతుంది, వారం దాకా నడుస్తుందేమో కూడా. ఆ తరువాత ఒక పొద్దున, బడి పిల్లలు, చేతికి కట్టుకట్టుకున్న ఎవరో ముసలాయన, అందరూ కూర్చుని ఉండగా సరస్సు నడిమధ్యలో మోటారు మెల్లిగా, ఆ దీపం ఆరినట్టు, ఆగిపోతుంది. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. కిటికీ బయట వెలుతురు నీళ్ళలా కదులుతుంటే ఆ పడవ ఆవిడ కళ్ళ ముందు చాలాసేపు అలాగే నిలిచి ఉంది.

సోమవారం తొమ్మిది గంటలకు లారీ, పడవాయన బండి ఒకేసారి వచ్చాయి. వీధిలో దారి లేక ఒకరినొకరు తిట్టుకుని, చివరకు పడవాయన నెగ్గి లోపలికి వచ్చాడు. తమ్ముడు వెనకే వచ్చాడు. తానే గొట్టం తీసుకుని నాలుగోదాంట్లో ముంచి వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"పచ్చ గీత. లేచింది కదక్కా. నాలుగూ లేచాయి. పందెం నీదే." అతని మొహంలో ఓడిపోయిన మనిషికి ఉండకూడనంత సంతోషం.

"మూడు లేచాయి" అంది నీళ్ళక్క. "దాంట్లో పోసింది లేచింది. అది లేవలేదు."

గొట్టం తమ్ముడి చేతిలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇంకో వారం తెడ్డు వెయ్యి" అంది పడవాయనతో. "ఇది ఇస్తే నడిచెరువులో నిన్ను ముంచుతుంది."

"అక్కా, నా భుజాలు చూశావా?"

"చూశాను. ఇన్నాళ్ళూ నీళ్ళు పోయకుండా కాపాడుకున్న భుజాలు. ఇంకో వారానికి ఏం కాదు."

పడవాయన మూడింటినీ ఒకసారి తడిమి, నాలుగోదాన్ని చూసి నిట్టూర్చి, ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. నీళ్ళక్క చీపురు అందుకుంది. కిటికీ దగ్గరనుంచి మొదలుపెట్టి ఊడ్చింది. వైర్లు చుట్టి పెట్టింది. తమ్ముడు ఎదురుగా నిలబడ్డాడు.

"నేనే పోశానక్కా."

"తెలుసు. నీ చొక్కా ముందే చెప్పింది."

"లేస్తుందనుకున్నాను."

"నువ్వేం అనుకున్నావో నాకు తెలుసు. కాలు తియ్యి, ఊడ్వాలి."

అతను కాలు తీయలేదు. బయట లారీవాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తమ్ముడు నడవాలోంచి కేకవేశాడు, పెట్టెలు ముందు గదిలో దించమని. అక్కడ నిండితే ఇంట్లో, ఇల్లు నిండితే మంచం కింద. మరదలు వంటగదిలోంచి, "ఇక మనం నిలబడి పడుకోవాలి కాబోలు" అనడం వినిపించింది. తమ్ముడు తిరిగి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, రబ్బరు బుడ్డి అందుకుని నాలుగోదాని ముందు కూర్చున్నాడు.

"ఇదంతా పీల్చి తీసెయ్యాలి కదూ?"

"వంచి పారబోయకు. అడుగున పేరుకున్న బురద లేచి ప్లేట్ల మధ్య ఇరుక్కుంటే అప్పుడు నిజంగానే పోతుంది. కొద్దికొద్దిగా పీలుస్తూ ఆ బకెట్లో వదులు. తరువాత ఉత్త నీళ్ళు పోసి సన్నటి చార్జింగ్. ఉత్త నీళ్ళలోకైతే ఆ పొర కాస్త తొందరగా దిగివస్తుంది, అదీ దానికి బుద్ధి పుడితే." చీపురు గోడకు ఆనించింది. పందెం ఓడినట్టు గాని, గది మిగిలినట్టు గాని ఆవిడ ఒక్క మాట అనలేదు. అనడం ఆవిడ వల్ల కాదు. తమ్ముడూ అడగలేదు. మధ్యాహ్నం దాకా బుడ్డి నొక్కే చప్పుడు, వదిలే చప్పుడు.

ఆ వారమంతా అతను రోజూ వచ్చి కూర్చున్నాడు. దుకాణంలో మరదలు బ్యాటరీలు అమ్మింది. తమ్ముడు అమ్మినదానికంటే ఎక్కువే అమ్మిందని తరువాత తెలిసింది, అది వేరే గొడవ. అక్కాతమ్ముళ్ళ మాటలన్నీ ఒకటే. చార్జరు మీటరులో ముల్లు కదిలిందా, కదల్లేదా, అంతే. బుధవారం తేలుడు కదిలింది. ఉత్త నీళ్ళు పోసినచోట తేలుడు లేస్తే అది బయటివాడు పోసినది కాదు, లోపలినుంచి వచ్చినది. నీళ్ళక్క ఆ సంగతి తమ్ముడికి చెప్పి ఊరుకుంది. అతను పాఠం వింటున్న కుర్రాడిలా తల ఊపాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎండ మెత్తగా ఉంది. తమ్ముడు గోడకు చేరబడి నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. నీళ్ళక్క అతన్నీ బ్యాటరీనీ ఒకే చూపులో చూస్తూ ఉండగా, నాలుగోదాని రెండో అరలో ఒక బుడగ పైకి వచ్చి పగిలింది. కాసేపు ఏమీ లేదు. తరువాత ఇంకొకటి. తరువాత ఐదో అరలో. లేచి కరెంటు ఇంకొంచెం తగ్గించింది. పగులుతున్న బుడగలు ఒకదానికొకటి కలిసి సన్నటి శబ్దమై గది నిండా పరుచుకున్నాయి. కిటికీలోంచి వచ్చే గాలీ ఆ శబ్దమూ ఒకటే అయిపోయి, ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలియని స్థితి వచ్చింది.

అప్పుడే తమ్ముడి జేబులో ఫోను మోగింది. అతను కదలలేదు. నీళ్ళక్క మెల్లిగా దాన్ని బయటికి లాగి చెవి దగ్గర పెట్టుకుంది. కంపెనీ ఏజెంటు.

"సరుకు వెనక గదిలో సర్దారా అని అడుగుదామని. ఫోటో పంపమన్నాను, ఇంకా రాలేదు."

"వెనక గదిలో చోటు లేదు" అంది నీళ్ళక్క గొంతు తగ్గించి. "వాడి మంచం కింద ఉన్నాయి. కావాలంటే వచ్చి మంచం ఎత్తి చూసుకో."

"మీరెవరు? ఆయన్ని ఒకసారి పిలవండి."

నీళ్ళక్క తమ్ముడి వైపు చూసింది. చొక్కా కొత్తది, కాని మోచేతి దగ్గర అప్పుడే ఒక చిల్లి పడింది.

"పిలవడం కుదరదు" అంది. "పనిలో ఉన్నాడు." ఫోను ఆపి, తిరిగి అతని జేబులో పెట్టింది.